నలభై ఒక్క వేలు ఎవరికి చేరాయో తెలుసుకోవాలనుకున్నాను: జకాత్‌తో నా అనుభవం

మా అబ్బా (నాన్న) ఉన్నన్నాళ్ళూ జకాత్ గురించి, అంటే ముస్లింలు ఏటా తమ దగ్గరున్నదాంట్లో రెండున్నర శాతం బీదవాళ్ళకి తప్పనిసరిగా ఇవ్వాల్సిన వాటా గురించి, నేను తల పట్టుకోవాల్సిన పని రాలేదు. రంజాన్ వస్తుందనగా ఆయన ఒక కాగితం మీద లెక్క రాసుకునేవారు, నా దగ్గర ఎంత బంగారం ఉందో ఆయనకి నాకంటే బాగా తెలుసు, ఫోన్ చేసి "బేటీ, ఈసారి నీది ఇంతయింది" అనేవారు, నేను ఆ డబ్బు తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టేసేదాన్ని. ఎవరికిచ్చారని ఒక్కసారి కూడా అడగలేదు. ఆయన పోయి నాలుగేళ్ళయింది. ఆ తర్వాత రెండు మూడు రంజాన్‌లు నేను చేసిన పని గుర్తొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఏం చేశానంటే, వాట్సాప్‌లో ఒక ఫోటో వచ్చింది. ఆసుపత్రి మంచం మీద చిన్న బాబు, ముక్కుకి గొట్టం, కింద "జకాత్ కూడా ఇవ్వవచ్చు" అని ఒక నంబరు. నేను అక్కడికక్కడే పది వేలు పంపేశాను. పంపేటప్పుడు ఫోన్‌లో కనిపించిన పేరుకీ మెసేజ్‌లో ఉన్న పేరుకీ సంబంధం లేదు, అది చూశాను కూడా, ఎవరో బంధువు ఖాతా అయ్యుంటుందిలే అనుకున్నాను. మరుసటి ఏడాది రంజాన్‌లో అదే ఫోటో మళ్ళీ వచ్చింది. అదే బాబు, అదే మంచం, ఊరు వేరు, జబ్బు వేరు, నంబరు వేరు. ఆ రాత్రి తరావీహ్ (రంజాన్ రాత్రుల నమాజు) చదువుతుంటే మనసు నిలబడలేదు. పోయింది నా డబ్బయితే అంత బాధపడేదాన్ని కాదు. జకాత్ నాది కాదు కదా. నా దగ్గరున్న బీదవాళ్ళ హక్కు అది. వాళ్ళ డబ్బుని తీసుకెళ్ళి ఎవడో మోసగాడి చేతిలో పోశాను.

అందుకే 2025 రంజాన్‌కి నెల ముందే అనుకున్నాను, ఈసారి లెక్క నేనే వేస్తాను, ఎక్కడికి వెళ్తుందో నేనే చూస్తానని. నేను విశాఖపట్నంలో పోర్టుకి సంబంధించిన ఒక క్లియరింగ్ ఏజెంట్ ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. రోజంతా బిల్లులు, రసీదులు, సంతకాలే నా పని. యజమాని డబ్బు విషయంలో రూపాయి తేడా వస్తే రాత్రి ఏడింటి దాకా కూర్చుని వెతుకుతాను. మరి అల్లా పెట్టిన లెక్క విషయంలో అంత జాగ్రత్త ఎందుకు ఉండకూడదు?

ముందు బంగారం. ఇంట్లో ఎంత ఉందో నోటికి వచ్చిన అంకె చెప్పుకోవడం మనందరికీ అలవాటు, "ఇరవై తులాలుంటుంది" అని. నేను నగలన్నీ మూటగట్టుకుని మా అమ్మీతో కలిసి కురుపాం మార్కెట్‌లో మా ఇంటివాళ్ళు ఎప్పటి నుంచో వెళ్ళే షాపుకి వెళ్ళాను. ఆయన ఒక్కొక్కటే తూచి, పాత గాజుల్లో ఉన్న లక్క, నెక్లెస్‌లో ఉన్న రాళ్ళ బరువు తీసేసి చెప్పారు. మొత్తం 172 గ్రాములు, అందులో అసలు బంగారం 160 గ్రాములు. అన్నీ 22 క్యారెట్‌వే. తూకానికి డబ్బులేమీ తీసుకోలేదు, "జకాత్ లెక్కకా అమ్మా, రంజాన్ ముందు చాలామంది వస్తారు" అన్నారు. అప్పుడు గ్రాము ధర ఎనిమిది వేలకి కొంచెం అటూ ఇటూగా ఉంది. నేను ఎనిమిది వేలే వేసుకున్నాను, నాలుగు రూపాయలు ఎక్కువ వెళ్ళినా పర్వాలేదు, తక్కువ మాత్రం వెళ్ళకూడదు.

ఇక్కడ ఒక మాట. ఒంటి మీద వేసుకునే నగలకి జకాత్ ఉందా లేదా అని అడిగేవాళ్ళు చాలామంది. మేం హనఫీలం, మా మజ్‌హబ్ (ధర్మశాస్త్ర సంప్రదాయం) ప్రకారం వేసుకున్నా బీరువాలో ఉన్నా లెక్కే. ఇంకో మజ్‌హబ్‌వాళ్ళు, షాఫయీలు, మామూలుగా వేసుకునే నగలకి అక్కర్లేదంటారు. మీరు ఏది పాటిస్తారో మీ ఆలిమ్‌ని (మత పండితుణ్ణి) అడగండి. కానీ ఆ బంగారం ఎవరిదైతే జకాత్ వాళ్ళ మీదే. నా పెళ్ళికి మా వాళ్ళు పెట్టిన బంగారం నాది, కాబట్టి బాధ్యత మా ఆయనది కాదు, నాది. ఆయన నాకు చెప్పి నా తరఫున కట్టొచ్చు, అది ఆయన మంచితనం. "నేను ఇచ్చేస్తానులే" అని ఆయన అన్నారు కూడా, నేను వద్దన్నాను.

మిగతా లెక్క తేలిగ్గానే అయింది. ఎఫ్‌డీ రెండు లక్షలు, సేవింగ్స్‌లో 1,35,000. ఒక చీటీ వేస్తున్నాను, ఇంకా పాడుకోలేదు, అందులో కట్టింది 60,000. దాన్ని నేను లెక్కలోకే తీసుకోలేదు మొదట, మౌలానాకి ఫోన్ చేసి అడిగితే "అది మీకు రావాల్సిన డబ్బే కదమ్మా, కలపండి" అన్నారు. అన్నీ కలిపి 16,75,000. మా తమ్ముడికి ఇవ్వాల్సిన అప్పు 35,000 తీసేస్తే 16,40,000. దాన్ని నలభైతో భాగిస్తే 41,000. ఉంటున్న ఇల్లు, స్కూటీ, ఫ్రిజ్, ఇవేవీ లెక్కలోకి రావు. అమ్ముదామని స్థలం కొని పెట్టుకున్నవాళ్ళు ఉంటే మాత్రం ఆ రోజు మార్కెట్ ధర ప్రకారం అది వస్తుంది, భోగాపురం వైపు అలా కొన్నవాళ్ళు మా బంధువుల్లోనే ఉన్నారు, వాళ్ళకి ఈ సంగతి తెలీదు.

నిసాబ్ గురించి, అంటే కనీసం ఎంత ఉంటే జకాత్ ఇవ్వాల్సి వస్తుందో ఆ హద్దు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మా వదినది ఇదే సమస్య. బంగారమైతే 87.48 గ్రాములు, వెండైతే 612.36 గ్రాములు, అంటే మన పాత లెక్కలో ఏడున్నర తులాలు, యాభై రెండున్నర తులాలు. ఆ సమయంలో బంగారం ప్రకారం ఏడున్నర లక్షల పైన ఉంటేనే జకాత్, వెండి ప్రకారం దాదాపు అరవై వేలకే జకాత్. వదిన దగ్గర 40 గ్రాముల బంగారం, బ్యాంకులో ఇరవై వేలు ఉన్నాయి. "నాకు ఏడున్నర తులాలు లేవు కదా, నాకు లేదు" అని ఇన్నేళ్ళూ ఊరుకుంది. కానీ బంగారంతో పాటు నగదు కూడా ఉంటే రెండూ కలిపి వెండి నిసాబ్‌తో చూడమంటారు మన హనఫీ ఆలిమ్‌లలో ఎక్కువమంది. ఆ లెక్కన ఆమె మీద ఉంది. పాపం, విని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత పాత ఏళ్ళవి కూడా లెక్క కట్టించుకుని కొంచెం కొంచెంగా తీరుస్తోంది.

ఇంకో చిన్న విషయం, ఏడాది అంటే చాంద్రమానం ఏడాది, 354 రోజులు. జీతం, ఆడిట్ అంతా మార్చి 31తో ముగించే నాలాంటివాళ్ళు ఇంగ్లీషు క్యాలెండర్‌తో లెక్క వేస్తే ఆ పదకొండు రోజుల తేడాకి రెండున్నర శాతం బదులు 2.577 శాతం వేసుకోవాలి. నేను మాత్రం రంజాన్ మొదటి తేదీనే పెట్టుకున్నాను.

మా ఆఫీసులో నా పక్క సీటామె అడిగింది, "మేం హుండీలో వేస్తాం కదా, అలాంటిదేనా?" అని. హుండీలో ఎంత వేయాలో ఎవరూ చెప్పరు, వేయకపోయినా అడగరు. ఇది అలా కాదని చెప్పాను. ఎంత ఇవ్వాలో లెక్కుంది, ఎవరికివ్వాలో కూడా ఖురాన్‌లోనే ఉంది, సూరా తౌబా అనే అధ్యాయం అరవయ్యో ఆయత్‌లో (వాక్యంలో) ఎనిమిది రకాలవాళ్ళని చెప్పారు. ఫకీర్లు (బీదవాళ్ళు), మిస్కీన్లు (నిరుపేదలు), జకాత్ వసూలు పనిలో ఉన్నవాళ్ళు, మనసులు దగ్గర చేయాల్సినవాళ్ళు, బానిసత్వం నుంచి విడిపించాల్సినవాళ్ళు, అప్పుల్లో మునిగినవాళ్ళు, అల్లా మార్గంలో ఉన్నవాళ్ళు, దారిలో చిక్కుకున్న ప్రయాణికులు. ఆమె అంతా విని "మరి మా వాచ్‌మన్ అప్పారావుకి నువ్విచ్చింది?" అంది. అది సదఖా, దానికి మతం లేదు, ఎవరికైనా ఎంతైనా ఇవ్వొచ్చు. జకాత్ మాత్రం ముస్లింలలో బీదవాళ్ళకే అని ఎక్కువమంది ఆలిమ్‌లు చెప్తారు. అందుకే నేను రెండూ వేరు వేరు కవర్లలో పెడతాను.

లెక్క తేలింది. అసలు కష్టం ఇప్పుడు మొదలైంది, ఎవరికివ్వాలి?

మొదట మనసులో వచ్చింది మా అమ్మీ. వన్‌టౌన్‌లో దర్గా కొండ కనిపించే ఇంట్లో ఒక్కతే ఉంటుంది, అబ్బా పెన్షన్‌లో సగం వస్తుంది, మందులకే సరిపోతుంది. కానీ తల్లిదండ్రులకీ, పిల్లలకీ, భార్యకీ జకాత్ చెల్లదు. వాళ్ళని చూసుకోవడం ఎలాగూ మన మీద ఉన్న బాధ్యత, దాన్ని జకాత్‌తో సరిపెట్టకూడదు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, ఖాలా (అమ్మ తోబుట్టువు), ఫుప్పు (మేనత్త), వాళ్ళ పిల్లలు బీదవాళ్ళయితే ఇవ్వొచ్చు. ఇవ్వొచ్చు ఏంటి, దానమూ అవుతుంది, బంధుత్వం నిలబెట్టిన పుణ్యమూ వస్తుందని హదీస్‌లో ఉంది. కానీ మనం ఏం చేస్తాం, ఎక్కడో దూరంగా ఉన్నవాళ్ళకి వేలు పంపి, సొంత ఖాలా అద్దె కట్టలేకపోతోందన్న సంగతి పెళ్ళిళ్ళలో విని అయ్యో అనుకుంటాం.

మా ఖాలా కంచరపాలెంలో ఒక గది ఇంట్లో ఉంటుంది. ఆమెకి జకాత్ అని చెప్పి ఇస్తే ఛస్తే తీసుకోదు. మౌలానాని అడిగితే, తీసుకునేవాళ్ళకి ఇది జకాత్ అని చెప్పక్కర్లేదు, ఇచ్చేటప్పుడు నా నియ్యత్ (మనసులో సంకల్పం) ఉంటే చాలన్నారు. "వాళ్ళ తల వంచకుండా ఇవ్వండి" అన్నారు. పదో రోజా (ఉపవాసం) నాడు వెళ్ళి పది వేలు ఆమె దిండు కింద పెట్టి, పండగ ఖర్చులకి ఖాలా అన్నాను. ఆమె నా మొహం చూసి ఏమీ అనలేదు, నా నుదురు ముద్దు పెట్టుకుంది. మా వెనక వీధిలో భర్త పోయి ముగ్గురు పిల్లలతో ఉన్న ఆమెకి ఐదు వేలు. ఈ రెండూ నా కళ్ళ ముందు జరిగినవి, ఏ రసీదూ అక్కర్లేదు.

మిగిలిన 26,000 మాత్రం నాకు తెలిసినవాళ్ళ దాకానే ఆగకూడదనిపించింది. ఎవరింట్లో ఏముందో తెలిసినవాళ్ళు, ఊళ్ళో తిరిగి చూసేవాళ్ళు ఉంటే ఇంకా అవసరమైనచోటికి చేరుతుంది. అబ్బా కాలంలో ఆయనే అలా తిరిగేవారు, నాకు అంత తీరిక లేదు. పెద్ద సంస్థల గురించీ చూశాను. హైదరాబాద్‌లో 1992 నుంచి ఉన్న హైదరాబాద్ జకాత్ అండ్ చారిటబుల్ ట్రస్ట్ ఎక్కువగా బీద పిల్లల చదువుల మీద పనిచేస్తుంది, ఢిల్లీలో 1997లో మొదలైన జకాత్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియా సివిల్ సర్వీసెస్‌కి చదివే పిల్లలకి సాయం చేస్తుందని చాలామందికి తెలుసు. కానీ ఏ ఊరి జకాత్ ముందు ఆ ఊరి బీదవాళ్ళకే అన్నది మన పెద్దలు చెప్పిన పద్ధతి, ప్రవక్త గారు తన సహచరుడు ముఆజ్ గారిని యమన్ పంపినప్పుడు వాళ్ళలో ధనవంతుల దగ్గర తీసుకుని వాళ్ళలో బీదవాళ్ళకే ఇమ్మన్నారు. పైగా మన ఊళ్ళోదైతే నేను వెళ్ళి చూడొచ్చు.

మొదట వెళ్ళిన చోట పేరు చెప్పను. గాజువాక వైపు. చాలా మర్యాదగా కూర్చోబెట్టారు. నేను అడిగిన మొదటి ప్రశ్న, జకాత్‌కీ మామూలు విరాళాలకీ వేరే ఖాతాలున్నాయా అని. లేవన్నారు, అంతా ఒకటే అన్నారు. ఆ డబ్బుతో మేడ మీద ఒక హాలు కడుతున్నారు. మన మజ్‌హబ్‌లో జకాత్ చెల్లాలంటే బీదవాడి చేతికి సొంతంగా అందాలి, దాన్నే తమ్లీక్ అంటారు, గోడలకీ సిమెంటుకీ జకాత్ చెల్లదు, మసీదు గోడకైనా సరే. ఇది చెప్తే ఆయన ముఖం మారిపోయింది. "మా మీద నమ్మకం లేదా అమ్మా?" అన్నారు. నాకు చాలా ఇబ్బందిగా అనిపించింది, వయసులో మా అబ్బా అంతవారు. కానీ లేచి వచ్చేశాను. బస్సులో వస్తూ అనుకున్నాను, నమ్మకం లేక కాదు అడిగింది, అమానత్ (నమ్మి అప్పగించిన సొత్తు) కాబట్టి అడిగాను. ఆయనకి ఆ మాట అక్కడే చెప్పి ఉండాల్సింది.

రెండోది అల్లిపురంలో, ఒక షాపు పైన చిన్న గది. ముగ్గురు రిటైరైనవాళ్ళు, ఒక కుర్రాడు నడుపుతున్నారు. ఉక్కపోతకి ఫ్యాన్ తిరుగుతున్నా చెమటలు కారుతున్నాయి. అవే ప్రశ్నలు అడిగాను. జకాత్ ఖాతా వేరు, పాస్‌బుక్ చూపించారు. గది అద్దె, కరెంటు ఎక్కడి నుంచి కడతారన్నాను. వసూలు పనిలో ఉన్నవాళ్ళకి జకాత్‌లో వాటా ఉందని ఆయత్‌లోనే ఉంది గానీ, మేం ఆ చర్చలోకి వెళ్ళకుండా ఖర్చులు సదఖా నుంచి, మా జేబుల నుంచి పెట్టుకుంటామన్నారు. ఎవరికివ్వాలో ఎలా తెలుస్తుందన్నాను. ఇద్దరు ఇంటికెళ్ళి చూస్తారట, ఒక ఫారం ఉంది, అందులో ఇంటి అద్దె, సంపాదించేవాళ్ళెంతమంది, అప్పు, బంగారం, సయ్యద్ కుటుంబమా అని కూడా ఉంది, ఎందుకంటే ప్రవక్త గారి వంశంవాళ్ళైన సయ్యద్‌లకి జకాత్ చెల్లదు. అప్పుడు పెద్దాయన రిజిస్టర్ తెరిచారు. తెరిచే ముందు పేర్ల వరుస మీద ఒక అట్ట ముక్క అడ్డంగా పెట్టారు. నాకు కనిపించింది కుట్టుమిషన్, తోపుడుబండి, స్కూల్ ఫీజు, కేజీహెచ్ ప్రభుత్వాసుపత్రిలో ఉన్న రోగికి మందులు, ఎదురుగా మొత్తం, తేదీ, వేలిముద్ర లేదా సంతకం. పేర్లు మాత్రం కనపడలేదు. ఆ అట్ట ముక్కతోనే నా మనసు కుదుటపడింది. సాయం తీసుకున్నవాళ్ళని వరుసగా నిలబెట్టి ఫోటోలు తీసి పెట్టేవాళ్ళని చూసీ చూసీ విసిగిపోయాను.

అయినా కాగితాలు అడిగాను, నా ఉద్యోగం అలవాటు. ట్రస్ట్ డీడ్ రిజిస్ట్రేషన్, ట్రస్ట్ పేరు మీద పాన్ కార్డు, ఆదాయపు పన్ను వాళ్ళ 12ఏబీ రిజిస్ట్రేషన్, ఎన్‌జీఓ దర్పణ్ (స్వచ్ఛంద సంస్థల వివరాలుండే ప్రభుత్వ వెబ్‌సైట్) నంబరు, కిందటేడాది ఆడిట్ రిపోర్టు. దర్పణ్ నంబరు ఎవరైనా ఆ వెబ్‌సైట్‌లో కొట్టి చూసుకోవచ్చు, నేను అక్కడే కూర్చుని చూశాను. 80జీ (విరాళమిచ్చినవాళ్ళకి పన్ను మినహాయింపు వచ్చే అనుమతి) వీళ్ళకి లేదు. ఒక మతంవాళ్ళ కోసమే అని రాసుకున్న ట్రస్టులకి అది రాదు, కాబట్టి 80జీ లేనంత మాత్రాన దొంగ సంస్థ అనుకోకండి, ఉన్నంత మాత్రాన జకాత్ సరిగ్గా పంచుతుందనీ అనుకోకండి. పన్ను మినహాయింపు కావాలనుకునేవాళ్ళు మాత్రం గుర్తుపెట్టుకోండి, రెండు వేలు దాటి నగదుగా ఇస్తే అది రాదు, ట్రస్ట్ నుంచి విరాళం సర్టిఫికెట్ తీసుకోవాలి, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్ళకి అసలే లేదు.

పెద్దాయన చెప్పిన ఒక మాట మాత్రం నాకు అంతకుముందు తెలీదు. "అమ్మా, మేం మీ వకీళ్ళం, అంటే మీ తరఫున చేరవేసేవాళ్ళం మాత్రమే. మాకిచ్చినంత మాత్రాన మీ జకాత్ తీరినట్టు కాదు, బీదవాడి చేతికి చేరినప్పుడే తీరుతుంది." అంటే రంజాన్‌లో పంపేశాం అనుకుంటాం గానీ ఆ డబ్బు ఏ ఖాతాలోనో ఆర్నెల్లు పడుంటే మన బాధ్యత కూడా ఆర్నెల్లు అలాగే ఉంటుంది. అందుకే నేను ఎప్పటిలోగా పంచుతారని అడిగి రాయించుకున్నాను. రంజాన్ తర్వాత వచ్చే షవ్వాల్ నెలాఖరులోగా అన్నారు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ట్రస్ట్ పేరే వచ్చింది. 20,000 పంపి, రిమార్క్స్‌లో జకాత్ అని రాశాను. ఎనిమిది వేలు ఒక కుట్టుమిషన్‌కి, పన్నెండు వేలు ఒక పాప ఫీజుకి అని రసీదు మీద రాసిచ్చారు.

ఇంకా ఆరు వేలు మిగిలాయి. ఇరవయ్యో రోజా దాటాక ఒక సఫీర్ సాబ్ (మదరసా కోసం విరాళాలు వసూలు చేసే ఆయన) మా వీధిలోకి వచ్చారు, మదరసా రసీదు బుక్కుతో. మండుటెండలో రోజా ఉండి తిరుగుతున్నారు. ఒకప్పుడైతే గుమ్మం దగ్గరే ఐదొందలు చేతిలో పెట్టి పంపేసేదాన్ని. ఈసారి వరండాలో కుర్చీ వేసి కూర్చోమని, తస్దీక్‌నామా (ఆయన నిజంగా ఆ మదరసా మనిషే అని తెలిపే ధృవీకరణ పత్రం) చూపించమన్నాను. ఉంది. అందులో ఉన్న మదరసా నంబరుకి ఆయన ముందే ఫోన్ చేశాను, పేరు, రసీదు బుక్కు నంబరు సరిపోయాయి. హాస్టల్‌లో ఎంతమంది పిల్లలు, తిండి డబ్బులా కట్టడం డబ్బులా అని అడిగాను, తిండికే అన్నారు. ఆరు వేలూ రాసి ఇచ్చాను. ఆయన నొచ్చుకుంటారేమో అని నాకు లోపల టెన్షన్‌గానే ఉంది. వెళ్తూ వెళ్తూ, "మంచి పని చేశారమ్మా, ఇలా అడిగితేనే మాలాంటివాళ్ళకి కూడా మర్యాద నిలుస్తుంది, దొంగ పుస్తకాలు పట్టుకుని తిరిగేవాళ్ళ వల్ల మమ్మల్ని కూడా అలాగే చూస్తున్నారు" అన్నారు.

పండగయ్యాక రెండు వారాలకి అల్లిపురం నుంచి ఫోన్ వచ్చింది. కుట్టుమిషన్ ఇచ్చేశాం, కానీ ఫీజు కట్టాలనుకున్న పాప కుటుంబం ఇల్లు ఖాళీ చేసి శ్రీకాకుళం వెళ్ళిపోయింది, మీ పన్నెండు వేలు అలాగే ఉన్నాయి, ఏం చేయమంటారని అడిగారు. వాళ్ళే ఇంకెవరికైనా ఇచ్చేసి ఊరుకుని ఉంటే నాకు తెలిసేది కాదు. ఎవరున్నారని అడిగితే ముగ్గురి గురించి పేర్లు చెప్పకుండా చెప్పారు. డయాలసిస్‌కి వెళ్తున్న ఒక ఆటో డ్రైవర్ మూడు నెలల అద్దె బాకీ ఉన్నాడట, సామాను బయట పెడతానని ఇంటాయన అంటున్నాడట. ఆయనకివ్వండి అన్నాను. రెండో రోజు సాయంత్రం వాట్సాప్‌లో పేరు కనపడకుండా వేలు అడ్డం పెట్టి తీసిన రసీదు ఫోటో వచ్చింది. నా పుస్తకంలో 41,000 ఎదురుగా ఆ తేదీ వేసుకుని, ఈ ఏడాదికి అయిపోయిందని రాసుకున్నాను.